నీడకు తాళము

మన ప్రబంధకవులు కావ్యమునకు విధిగా చెప్పుకొన్న అష్టాదశ వర్ణనములలో ఉద్యానవిహారము, జలక్రీడ అను రెండును ఉన్నవి. నాయికానాయకులు విహరించుటకొక తోటయు, చెలికత్తెలు జలకమాడుటకొక కొలనును లేనిదే పురవర్ణనము పూర్తికాదని వారు తలంచిరి. ఆ తోటలలో పొన్నలు, పొగడలు, మొల్లలు, మల్లెలు ఎన్ని పూచినను, వాని ద్వారమున కావలివాడొకడు నిలిచియే యుండెను. పురజనులలో నూటికి తొంబదిమందికి ఆ తోట యనగా గాలివాటున గోడ దాటి వచ్చిన పరిమళము మాత్రమే.

సామాన్యునకు వేరు విహారస్థలములుండెను. రావిచెట్టు చుట్టు కట్టిన రచ్చబండ, కోనేటి మెట్లు, చెరువుగట్టు, సంతబయలు, కోతలైన పిమ్మట ఖాళీపడిన వరిచేలు, వీనియందే మన పల్లెలు తమ తీరిక వేళలు గడపినవి. బాటల వెంట మనుష్యులకును పశువులకును నీడనిచ్చుటకై మఱ్ఱిచెట్లు నాటించితినని అశోకుడు తన ఏడవ స్తంభశాసనమున చెక్కించుకొన్నాడనిన, నీడ యనునది రాజ్యము ప్రజకు చేయవలసిన ఉపకారమన్న తలంపు ఈ దేశమున ఎంత పాతదో తెలియును. అయినను ఒక్కమాట దాచక చెప్పవలెను. ఆ రచ్చబండ అందరిదియు కాదు. దానిమీద కూర్చుండు అర్హత కొన్ని కులములవారికే యుండెను. ఆ కోనేటినీరు ముట్టుటకు కొందరికి అనుమతి లేకుండెను. ఇక స్త్రీ ఆ అరుగుపై తీరికగా కాలుచాచి కూర్చుండుట ఊరు ఎరుగని సంగతి. కావుననే, టిక్కెట్టు లేక, పేరడుగక, ఏమి పనిమీద వచ్చితివని ప్రశ్నింపక, ఎవరైనను వచ్చి కూర్చుండదగిన బల్ల యొకటి పురపాలకసంఘమువారు వేయించి, దానిపై కొంత నీడ కల్పించినచో, అది చూపునకు చిన్నపనియే యైనను మన సాంఘిక చరిత్రలో క్రొత్త సంగతి. పార్కులను గూర్చి నేనిది వ్రాయబూనుట ఆ బల్ల కోసమే.

చిన్న నగరములనగా ఎట్టివో చెప్పుటకు రాజమహేంద్రవరమును చూపుదును. 2011 జనాభా లెక్కలనాటికి అచ్చటి జనసంఖ్య 3 లక్షల 40 వేల పైచిలుకు. హైదరాబాదు పబ్లిక్ గార్డెన్సు వంటి విశాలోద్యానము దానికి లేదు. పల్లెవలె ఇంటివెనుక పెరడును, పెరటివెనుక చేనును లేవు. పెద్ద నగరములకు ఐశ్వర్యమున్నది, పల్లెలకు ఆవరణమున్నది. నడుమనున్న ఇట్టి ఊళ్లకు రెండును కొరతయే. అయినను ఈ ఊరికి మాత్రము ప్రకృతి ఒక పార్కును ముందే యిచ్చి యుంచినది. అది గోదావరి.

కోటిలింగాల రేవు మొదలు గౌతమీఘట్టము వరకు ఆ యొడ్డును ఒకనాడు ఉదయమునుండి రాత్రివరకు చూచినవారికి, విహారస్థలమన నేమో ఏ గ్రంథమును చెప్పనంత స్పష్టముగా తెలియును. తెలతెలవారుచుండగా స్నానపానాదులకు వచ్చినవారి సంకల్పములు, నీటిలో రాగిచెంబుల చప్పుళ్లు. ఆరుగంటలకు రబ్బరుజోళ్లు తొడిగిన పింఛనుదారులు మెట్లపై నుండి మెట్లకు కాలు సాచి, చేతులు ఊపుచు, నిన్నటి రక్తపుచక్కెర అంకెలు ఒకరికొకరు అప్పగించుకొందురు. పది దాటిన పిమ్మట పితృకర్మలకు వచ్చిన పైయూరివారు మౌనముగా కూర్చుందురు. మధ్యాహ్నము ఎవరును లేరు. సాయంత్రము నాలుగున్నరకు పిడతకింద పప్పు అమ్మువాడు తన జంగిడీని ముక్కాలి మీద నిలిపి, మరమరాలలో ఉల్లిపాయ తఱిగి, నిమ్మకాయ పిండి, కాగితపు పొట్లము చుట్టుచున్నప్పుడు ఊరంతయు మెల్లగా ఏటివైపు ఒరుగును. హారతి వేళకు యాత్రికులు వత్తురు; హారతియైన పిమ్మట, ఇంటిలో ఒక్కటే గది యున్నవారు వచ్చి, ఆ రాతిమెట్లనే తమ ముందుగదిగా చేసికొని, రాత్రి తొమ్మిది వరకు పిల్లల చదువులు, పెండ్లి సంబంధములు, చీటీపాటలు మాటలాడుకొందురు. వారినక్కడ ఎవరును ఏమియు అడుగరు. కొనవలసినదేమియు లేదు. ఒక పొట్లము కొనినచో కొందురు, లేనిచో నీటివంక చూచి లేచిపోవుదురు. మూడుతరములవారును, నాలుగైదు అంతస్తులవారును, ఒకే మెట్ల వరుసపై మోకాళ్లు తగులునట్లు కూర్చుండు స్థలము ఆ ఊరిలో మరియొకటి ఉన్నదా యని నేను పలుమారు వెదకితిని. సినిమాహాలులో టిక్కెట్టుకొక తరగతి యున్నది. దేవాలయములో సైతము ప్రత్యేకదర్శనపు వరుస యున్నది.

ఆ మెట్లపై కూర్చున్నవారికి ఎదురుగా హేవలాక్ వంతెన కనబడును. ఇంచుమించు నూరేండ్లు రైళ్లకు సేవచేసి, 1997లో విశ్రమించిన వంతెన అది. ఏబదియారు అంకణముల దూరము నీటిపై సాగి కొవ్వూరు చేరును. దానిని పాదచారుల విహారముగా తీర్చవలెనని ఏండ్ల తరబడి అనుకొనుచున్నారు. 2025లో అఖండ గోదావరి యను పేర ఆ వంతెనను, ఘట్టములను బాగుచేయు పనులకు శంకుస్థాపన జరిగినది; 2027లో పుష్కరములు రానున్నవి. నాకొక్కటే కోరిక. ఆ వంతెనపై దుకాణములు ఎన్ని వచ్చును, దీపములు ఎన్ని రంగులు మారును అను లెక్కలు వేయునపుడు, నడిచి నడిచి అలసిన ముసలివాడు కూర్చుండుటకు ఎన్ని బల్లలు, ఆ బల్లలపై మధ్యాహ్నపు ఎండ పడకుండుటకు ఏమి ఏర్పాటు అను లెక్కకూడ ఎవరో ఒకరు వేయవలెను.

ఊరినడుమ ఖాళీనేల ఉండుట ఆటపాటలకు మాత్రమే కాదని ఈ నగరమునకు ఎవరును నేర్పనక్కరలేదు. 1907 ఏప్రిల్ నెలలో బిపిన్ చంద్రపాలుడు వందేమాతరోద్యమ ప్రచారార్థము వచ్చి ఇచ్చట ఉపన్యసించినప్పుడు జనము బయలున చేరి వినిరి. చిలకమర్తి లక్ష్మీనరసింహముగారు ఆయన ఆంగ్లోపన్యాసములను తెలుగు చేసి వినిపించిరి. ఆయన మాటలాడిన తావునకు పాల్ చౌక్ అను పేరు నిలిచినది. ఆ యుపన్యాసముల వేడి తగిలిన ట్రైనింగు కళాశాల విద్యార్థులపై ప్రభుత్వము కత్తిగట్టగా, గాడిచర్ల హరిసర్వోత్తమరావుగారు కళాశాలనుండి బహిష్కృతులైరి. కందుకూరి వీరేశలింగము పంతులుగారు తమ ధనము వెచ్చించి పురమందిరము కట్టించినదియు, పదుగురు కూడి మాటలాడుకొనుటకు పైకప్పున్న చోటొకటి ఊరికి ఉండవలెననియే. వేలమంది ఒక్కచోట నిలిచి ఒక్కమాట వినుటకు చదరపు గజములు కావలెను. ఆ గజములపై దుకాణ సముదాయము లేచిన తరువాత, ఆ ఊరికి మాటలు రాకపోవు. మాటలాడుటకు చోటు మాత్రము లేకపోవును.

ఖాళీనేల చాలకపోయినచో ఏమి జరుగునో కూడ ఈ ఊరు చూచినది. 2015 జూలై 14వ తేదీన, పుష్కరముల తొలినాటి ఉదయము, జనమంతయు ఒక్క ఘట్టము వద్దకే పోటెత్తగా జరిగిన తొక్కిసలాటలో 27 మంది అసువులు బాసిరి. దానికి కారణములు పెక్కు, వానినిట చర్చింపబోను. జనము చేరుచోటునకు వెడల్పును, బయటకు పోవు దారులును ప్రాణముతో సమానమని మాత్రము ఆ యుదయము చెప్పినది.

ఇంతకును గోదావరిగట్టు అన్ని అక్కరలను తీర్పజాలదు. శ్రావణ భాద్రపదములలో ఎఱ్ఱనీరు మెట్లెక్కి వచ్చినప్పుడు అది విహారమునకు మూసికొనును. వైశాఖమున పగలు రాతిమెట్టుపై చేయి మోపరాదు. ఊరి తూర్పున క్రొత్తగా వెలసిన పేటలనుండి ఏటియొడ్డు చేరవలెననిన ఆటోకు డబ్బు కావలెను. కావున ప్రతిపేటకును నడిచిపోదగినంత దూరమున చిన్నపార్కు ఉండవలెనన్నది కోరికలచిట్టాలోని మాట కాదు, నిత్యావసరము. కేంద్రప్రభుత్వము 2014లో వెలువరించిన పట్టణ ప్రణాళికా మార్గదర్శకములు మనిషి యొక్కనికి 10 మొదలు 12 చదరపు మీటర్ల బహిరంగస్థలము ఉండుట తగునన్నవి. పది చదరపు మీటర్లనగా ఒక చిన్న పడకగది వైశాల్యము. ఆ లెక్కన రాజమహేంద్రవరమునకు సుమారు 840 ఎకరములు కావలెను. ఏ పటము ముందు పెట్టుకొని ఎంత ఉదారముగా కూడినను ఇందులో చిన్నపాలు మించి పార్కుల క్రింద తేలదని ఆ వీధులలో తిరిగిన కన్నులకు తెలియుచునే యున్నది.

ఇది చాలక, ఈ ఊరికి పట్టుమని పదికిలోమీటర్ల దూరమున కడియము కలదు. కడియపులంక, బుఱ్ఱిలంక, వేమగిరి, జేగురుపాడు ప్రాంతములలో జాతీయరహదారికి ఇరుప్రక్కల మైళ్ల తరబడి నర్సరీలు. ఇచ్చటినుండి లారీలకెక్కిన మొక్కలు దేశములోని నానా రాష్ట్రములకు పోవుచున్నవి. కవరులో పెంచిన జానెడు మొక్క మొదలు, మట్టిగడ్డతో సహా పెకలించి గోనెపట్టా చుట్టి క్రేనుతో ఎత్తించు ఇరువదియేండ్ల చెట్టువరకు అచ్చట దొరకనిది లేదు. ఎక్కడెక్కడి నగరముల పార్కులో ఇచ్చటి మట్టిగడ్డలో పుట్టినవి. అట్టి కడియము ప్రక్కనున్న నగరములో, మే నెల మిట్టమధ్యాహ్నము బస్సుకొఱకు నిలిచినవాడు కరెంటుస్తంభపు సన్ననినీడలో ఒదిగి నిలుచుట చూచినప్పుడు నాకు మనసు కలుక్కుమనును.

ఆ కడియము తోటలను ఊరిజనము చూచునది ముఖ్యముగా కార్తికమాసములో. వనభోజనములు తెలుగువారు తమకుతాము కల్పించుకొన్న విహారవ్యవస్థ. ఉసిరిచెట్టు క్రింద విస్తరి వేయవలెనన్న ఒక్క నియమమును మతము పెట్టగా, తక్కినదంతయు, అనగా గాడిపొయ్యి త్రవ్వుట, పులిహోర కలుపుట, పిల్లల పరుగులు, ఆడవారి దాగుడుమూతలు, ముసలివారి పేకాట, జనమే చేర్చుకొన్నారు. సంవత్సరమున కొక్కనాడైనను ఇంటి కప్పు క్రిందినుండి బయటపడి చెట్టుక్రింద తినవలెనని ఆచారమే ఆజ్ఞాపించిన జాతి మనది. దుఃఖకరమైన సంగతి యేమనగా, గడచిన కొన్ని దశాబ్దములుగా ఆ భోజనములు కులమువారీగా సాగుచున్నవి. ఫలానా సంఘమువారి కార్తిక వనసమారాధన యని బ్యానరు కట్టి, ఒకే తోటలో ఈ ప్రక్క ఒక పంక్తి, ఆ ప్రక్క మరియొక పంక్తి. ఉసిరిచెట్టునకు ఈ భేదము తెలియదు. పురపాలక పార్కులోని బల్లను నేనింత ప్రేమించుట కిదియు నొక కారణము. దానిపై బ్యానరు కట్టుటకు వీలులేదు.

ఇక పేట పార్కు సంగతి. పేరు చెప్పను. నాలుగువీథుల నడుమ ఇంచుమించు అరయెకరము స్థలము. చుట్టును ఇనుపచువ్వల ప్రహరీ, సిమెంటు ఏనుగుతలలున్న ద్వారము, లోపల రంగుపలకలు పరచిన నడకదారి, మూడు జారుడుబల్లలు, ఓపెన్ జిమ్ పరికరములు, పనిచేయని ఫౌంటెను. ప్రాతఃకాలము అయిదు మొదలు తొమ్మిది వరకు, సాయంకాలము నాలుగు మొదలు ఎనిమిది వరకు తెరచి, నడుమ వేళలో మూసివేయబడునని పలకపై వ్రాసి యున్నది. నేను మే నెలలో ఒకనాడు రెండుగంటల వేళ ఆ దారిని పోవుచుంటిని. ద్వారమునకు పిడికెడు తాళము. లోపల ప్రహరీకి ఆనుకొని పెద్ద నిద్రగన్నేరు కలదు. ఆ పార్కు రాకముందునుండియు ఉన్న చెట్టు. దాని కొమ్మలు గోడ దాటి వీథిలోనికి వంగుటచేత నీడలో సగపాలు వెలుపల పడుచున్నది. ఆ వెలుపలి నీడలో, మురుగుకాలువపై పరచిన రాతిపలక మీద, ఆరుగురు కూర్చుండియుండిరి. ఒక రిక్షాకార్మికుడు, ఇద్దరు సరకులు ఇండ్లకు చేరవేయు యువకులు, టోపీలు తీసి ఒళ్లో పెట్టుకొని. ఇటుకలు మోయు ఒక స్త్రీ, అన్నపుగిన్నె మూతతీసి. మనుమరాలిని ఒడిలో పరుండబెట్టుకొని విసనకఱ్ఱ విసరుచున్న ఒక అవ్వ. లోపల ఆ చెట్టునీడలోనే రెండు సిమెంటుబల్లలు ఖాళీగా ఉన్నవి. చువ్వల సందునుండి చేయి చాచినచో వాని నంటవచ్చును.

“లోపలికి పోనీయరా, అమ్మా?” అంటిని.

“నాలుక్కి తీత్తారు బాబూ. ఇప్పుడు లోపల కూకుంటే చెత్త పడేత్తామంట,” అని అవ్వ చెప్పి, విసనకఱ్ఱను చేయి మార్చుకొనెను. ఆమె మాటలో కోపము లేదు. అది నన్ను మరింత బాధించినది.

ఎండ మండిపోవు వేళ నీడకు తాళమువేసి, ఎండ చల్లారినపిమ్మట తెరచుట యేమి న్యాయమో నాకు బోధపడలేదు. పగటివేళ మూయుటకు వారు చెప్పు కారణములు ఎరుగనివాడను కాను: త్రాగుబోతులు చేరుదురు, జంటలు చేరుదురు, పరికరములు విరుగును, కావలివానికి రెండుపూటల జీతమియ్యలేము. ఇవన్నియు నిజములే కావచ్చును. అయినను ఉదయము నడకకు వచ్చువారికి ఇంటివద్ద పంకాయున్నది, పలువురకు ఏసీయున్నది. మధ్యాహ్నమునకు దిక్కులేనివారే నిజముగా పార్కు అవసరమైనవారు. వాకర్స్ క్లబ్బులవారు పూనుకొని బల్లలు వేయించినచోట్లు, మొక్కలు పెంచినచోట్లు అనేకములున్నవి. వారియెడ నాకు గౌరవము కలదు. ఆ క్లబ్బువారే ఒక్కసారి రెండుగంటలవేళ తమ పార్కు ద్వారము వద్దకు వచ్చి నిలిచి చూడవలెనని వారిని చేతులెత్తి వేడుకొందును.

నీడను గూర్చి ఇంకొంచెము విపులముగా చెప్పవలసియున్నది, ఏలయన మన పార్కులను తీర్చువారు దానినే ముందుగా మరచుచున్నారు. ఎండలో మాడు నేలకంటె, గోడకంటె, చెట్టునీడలోని నేలయు గోడయు పట్టపగలు 11 మొదలు 25 సెంటీగ్రేడు డిగ్రీల వరకు చల్లగా ఉండునని కొలతలు చెప్పుచున్నవి. ఇందులో మాయ లేదు. ఆకు ఎండను అడ్డగించును; అంతటితో ఆగక, వేరు పీల్చిన నీటిని ఆవిరిచేసి విడుచుచు, ఆ యావిరికి కావలసిన వేడిని చుట్టునున్న గాలినుండి తీసికొనును. మట్టికుండలో నీరు చల్లబడుటయు ఇట్టిదే. ఉష్ణోగ్రత 45 దాటిన దినమున ఈ భేదము సుఖదుఃఖముల భేదము కాదు. వడదెబ్బకును క్షేమమునకును నడిమి భేదము.

చెట్టు కన్నులకు చేయు మేలును సైతము పండితులు లెక్కించి చూచిరి. అమెరికాలోని పెన్సిల్వేనియా రాష్ట్రమున ఒక ఆసుపత్రిలో పిత్తాశయపు శస్త్రచికిత్స జరిగిన 46 మందిని రోజర్ ఉల్‌రిక్ అను శాస్త్రవేత్త పరిశీలించి 1984లో ఫలితములు ప్రకటించెను. కిటికీలోనుండి చెట్లు కనబడిన రోగులు, ఇటుకగోడ కనబడిన రోగులకంటె సగటున ముప్పాతిక దినము ముందుగా ఇంటికి పోయిరి. బాధ నివారించు మందులు వారికి తక్కువగా అవసరమైనవి. మన అమ్మమ్మలు బాలెంతరాలి మంచమును పెరటి గుమ్మమువైపు త్రిప్పి వేయించుటలో ఏమి తెలిసియుండిరో కదా యని ఇది చదివినప్పుడు అనుకొంటిని.

ఇట్టి గుణములున్న చెట్టును విడిచి మన పార్కులలో ఏమి నాటుచున్నారు? వరుసగా ఫాక్స్‌టెయిల్ పామ్‌లు, రాయల్ పామ్‌లు, నడుమ కొరియన్ గడ్డి. పామ్ సొగసైన మొక్కయే. పెండ్లిమంటపము ముందు దానికి తగినచోటు కలదు. కాని దాని క్రింద నిలిచినవానికి అరచేతి మందము నీడ పడదు. గడ్డికి నీరు దినదినము కావలెను, దానిపై కూర్చుండరాదని బోర్డు కూడ పెట్టుదురు. కొంతకాలము కోనోకార్పస్ అను మొక్కపై వ్యామోహము నడచినది; ఏడాదిలో నిలువెత్తు పెరుగునన్న సంతోషమున ఊరూర నాటి, ఆ పిమ్మట పుప్పొడిచేత ఎలర్జీలు, వేళ్లచేత గొట్టములకు చేటు అని గగ్గోలు పుట్టి, గుజరాతు ప్రభుత్వము 2023లో దానిని నిషేధించినది. తొందరగా పచ్చబడవలెనన్న ఆశయే దీనికంతకును మూలము. ప్రారంభోత్సవమునాటికే ఫొటోలో పచ్చదనము కనబడవలెను. వేప, కానుగ, నేరేడు, పొగడ, రావి, ఇవి ఆ ఫొటోకు అందవు. వీనికి ఎనిమిది పదియేండ్లు కావలెను. ఎనిమిదేండ్ల తరువాత ఎవరు పదవిలో ఉందురో ఎవరికి తెలియును?

చెట్టునకు పట్టు ఆ కాలమును ఎరిగినవానిని ఒకనిని నేను కలిసికొంటిని. ఆ పేట పార్కుననే పనిచేయు తోటమాలి. వయస్సు ఏబదియైదు ప్రాంతము. కడియము నర్సరీలలో చిన్ననాట అంట్లు కట్టినవాడు, ఇప్పుడు ఔట్‌సోర్సింగు పద్ధతిని పురపాలక సంఘమున కుదిరి, మూడు పార్కుల మొక్కలు ఒక్కడే చూచుకొనుచున్నాడు. ఆనాడు నాలుగింటికి ద్వారము తెరచినది అతడే. పెద్దతాళపు గుత్తిని మొలత్రాటికి కట్టుకొని, గొట్టమును భుజాన వేసికొని వచ్చి, మొదట చేసినపని వెలుపల రాతిపలకపై నున్నవారిని “రండి, లోపలికి రండి” అని పిలుచుట. అవ్వ మనుమరాలిని లేపుకొని లోపలికి పోయెను. ఇటుకల స్త్రీ మాత్రము అప్పటికే పనికి వెడలిపోయినది.

అతడు మొక్కలకు నీరుపోయు తీరు చూచుచు నిలుచుంటిని. గొట్టము మూతికి బొటనవేలు అడ్డుపెట్టి ఆకులపై చిలకరించుట అతడెరుగడు. ప్రతి పాదు వద్దను వంగి, ఎండి పెళ్లగిల్లిన మట్టిని గునపపుమొనతో గొప్పు త్రవ్వి, గొట్టమును పాదు అంచున నేలకు ఆనించి, నీరు లోనికి ఇంకువరకు ప్రక్కనే గొంతుక్కూర్చుండును. బొద్దుగానున్న క్రొత్తమొక్కలను విడిచి, చిక్కిన మొక్కల వద్ద ఎక్కువసేపు కూర్చుండెను.

“నాటడం ఒక్కరోజు పనండీ,” అని అతడు తలయెత్తక చెప్పెను. “మినిస్టరుగారొచ్చి నాటినా అంతే, నేను నాటినా అంతే. రెండు ఎండాకాలాలు దాటించాలండి. రెండు దాటిందంటే ఆయ్, ఇంక మన నీళ్లతో దానికి పనుండదండి, కింద దాని నీళ్లు అదే చూసుకుంటది.”

పురపాలక ఉద్యానవన శాస్త్రమంతయు ఆ మాటలలో ఉన్నదని నాకు తోచినది. ఒక పార్కు కట్టుటకు నిధులు దొరకును. 2015 జూన్ నెలలో ప్రారంభమైన అమృత్ పథకమువంటివానిలో పార్కులకని ఒకపాలు కేటాయించిరి. పిల్లలకును వృద్ధులకును అనువుగా ఉండవలెనని అందు ఆదేశించిరి. ఆ సొమ్ముతో గోడలు, ద్వారములు, ఫౌంటెన్లు లేచినవి. కాని రెండు ఎండాకాలముల పాటు పాదు వద్ద గొంతుక్కూర్చుండు మనిషి జీతము ఏ శిలాఫలకముపైనను ఎక్కదు, కావున ఏ పద్దులోను నిండుగా ఉండదు. మూడు పార్కులకు ఒక్కడు. అతనికి సెలవు వచ్చినచో ఆ నాలుగుదినములు చిక్కిన మొక్కలకు ఎవరును లేరు.

చట్టమును గూర్చి క్లుప్తముగా చెప్పుదును. క్రొత్తగా లేఅవుటు వేయువాడు మొత్తము స్థలములో కనీసము పదవవంతు బహిరంగస్థలముగా విడిచి స్థానిక సంస్థకు అప్పగింపవలెనన్న నియమము మన రాష్ట్రమున ఉన్నది. దీనిని జనము రిజర్వు సైటు అందురు. విడుచుట విడుచుచున్నారు, ఏ మూలను విడుచుచున్నారనునది వెళ్లి చూడవలెను. ప్లాటుగా అమ్ముడుపోని వంకరముక్క, హైటెన్షను తీగలక్రింది పట్టీ, వాన వచ్చిన మడుగయ్యే పల్లము, ఇవి పార్కులని పటమున ఆకుపచ్చ రంగు పూసికొనును. తరువాత అదే ముక్కలో ముందుగా వాటర్ ట్యాంకు, పిదప ఒక చిన్నగుడి, ఆ పిదప కమ్యూనిటీ హాలు. ఒక్కొక్కటియు మంచిపనియే గనుక ఎవరును కాదనరు.

కాదనినవారును దేశమున లేకపోలేదు. బెంగుళూరులో పార్కునకని ప్లానులో ఉంచిన స్థలమును ప్రయివేటు నర్సింగు హోమునకు కేటాయింపగా, ఆ పేటవాసులు న్యాయస్థానముల కెక్కిరి. 1991లో సుప్రీంకోర్టు ఆ కేటాయింపు చెల్లదని తేల్చి, పార్కులవంటి బహిరంగస్థలములను కాపాడుట ప్రజాహితమునకు ఆవశ్యకమని స్పష్టపరచినది. 1999లో అదే న్యాయస్థానము లక్నోలోని అమీనాబాద్ ప్రాంతపు పార్కు క్రింద కట్టిన భూగర్భ బజారును పెకలించి, పార్కును పార్కుగా తిరిగి నిలుపుమని ఉత్తరువిచ్చినది. నర్సింగు హోము చెడ్డదని ఎవరును అనలేదు. పార్కునకున్న స్థలములో అది ఉండరాదన్నారు. ఈ రెండు తీర్పులను లేఅవుటు కొనుగోలు కాగితములతో పాటు ప్రతి పేట సంక్షేమ సంఘమువారును దగ్గర ఉంచుకొనవలెను.

పార్కు ఆడవారికి ఎట్లున్నదో చూచుటకు నేను లెక్కించునవి రెండు. మరుగుదొడ్డి శుభ్రముగా, గడియతో, నీటితో ఉన్నదా. సాయంత్రము దీపము నడకదారి చివరివరకు వెలుగుచున్నదా. ఈ రెండును లేనిచోట ఉదయము ఆరింటికి నడకకు వచ్చు స్త్రీలు నలభైమందియైనచో, సాయంత్రము ఏడింటికి నలుగురుందురు. ఆ పేట పార్కున మరుగుదొడ్డి కలదు, దానికిని తాళమే. తాళపుచెవి ఎవరివద్ద ఉన్నదని అడుగగా తోటమాలి సిగ్గుపడి, అది తన గుత్తిలో లేదని చెప్పెను.

పిల్లల సంగతి మరియొక విధము. స్టీలు జారుడుబల్లపై మే నెలలో నాలుగున్నరకు కూర్చున్న పిల్ల ఒకతె చురుక్కుమని లేచి, లంగా దులుపుకొని, దిగివచ్చి, నిద్రగన్నేరు మొదట రాలిన దూదిపింజవంటి గులాబిరంగు పూవులను ఏరుకొనుచు కూర్చుండెను. ప్రక్కనున్న మరి ఇద్దరు వచ్చి చేరిరి. ఆ పూవులను చెంపలకు రాచుకొని, ఒకరినొకరు చూచి నవ్వి, వానితో వంటలాట ప్రారంభించిరి. ఆ జారుడుబల్లకు ఎంతసొమ్ము వెచ్చించిరో నేనెరుగను. ఆ చెట్టునకు ఎవరును ఏమియు వెచ్చింపలేదు.

అటుపిమ్మట జూన్ చివరలో, తొలకరి పడిన తరువాత, మరల ఆ దారిని పోయితిని. ద్వారము పగటివేళ తెరచియుండలేదు, నాలుగింటివరకు నిలిచితిని. నడకదారి ప్రక్కన ఎండిపోయిన పామ్ ఒకదానిని పెకలించినచోట, మోకాలెత్తు కానుగమొక్క కనబడినది. చుట్టు వెదురుబద్దల దడి, పాదులో తడి. ఆ మొక్క వరుసలో లేదు. ఎండలో ఒంటరిగా నున్న మూడవ సిమెంటుబల్లకు ఒక ప్రక్కగా, కొంచెము వెనుకగా ఉన్నది. వరుస తప్పినదేమని అడిగితిని.

తోటమాలి గొట్టము క్రిందపెట్టి, చేయి చాచి పడమర చూపెను. “బల్లకి పడమటేపు వేశానండి. మజ్జానం నుంచి పొద్దు అటే కదండి ఉంటది. ఇటేపు వేస్తే నీడ గోడ మీద పడద్దండి, బల్ల మీద పడదు.” పిదప వంగి, దడిలోనికి చేయిపెట్టి, క్రింది ఆకుపై పడిన మట్టిని బొటనవేలితో తుడిచెను. “ఒక ఎండాకాలం అయిందండి. ఇంకోటి.”